మంచు కాలవ మీద మా వదిన

మా వదిన పోయింది. ఆ రోజు పొద్దున్న నేను వంటింట్లో చేపలు బాగుచేస్తున్నాను. వెనక తలుపు దగ్గర కారు ఆగింది. పక్కింటి డ్రైవర్ని నేను తమ్ముడూ అని పిలుస్తాను, అతను రోజూ వీధి మొదట్లోనే హారన్ కొడతాడు. ఆ రోజు కొట్టలేదు. చేప చేతిలో పట్టుకునే తలుపు తీశాను.

"అక్కా, చేతులు కడుక్కో," అన్నాడు.

"ఏమైంది బాబూ? మావాడికేమైనా అయిందా?" అన్నాను. నా కొడుకు ఇక్కడే బహ్రెయిన్‌లో, సిత్రా వైపు చమురు ట్యాంకుల దగ్గర పనిచేస్తాడు. ఏ కబురొచ్చినా నా మనసు ముందు అటే పరిగెడుతుంది.

"నీ కొడుకు మంచిగనే ఉన్నడు. మన పెద్దక్క... తెల్లారంగ దవాఖాన నుంచి ఫోనొచ్చింది."

చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. చేపల వాసన పోలేదు. ఈ వాసనతో వదిన దగ్గరికి ఎలా వెళ్ళేదని అదొక బెంగ పట్టుకుంది. పోయిన మనిషికి వాసనేం తెలుస్తుందన్న ఆలోచన కూడా రాలేదు నాకు. తమ్ముడు నా వెనకే వంటింట్లోకి వచ్చాడు. నిమ్మకాయ చెక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.

వదినంటే నాకు చుట్టరికం కాదు. హిద్‌లో పక్కపక్క ఇళ్ళలో పనిచేసేవాళ్ళం. ఇద్దరివీ గోదావరి కాలవల కింద ఊళ్ళే, ఆవిడది భీమవరం వైపు, నాది అమలాపురం వైపు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో గోడ అవతల నుంచి ఒక గొంతు, "ఒదినా, మీ ఇంట్లో కరేపాకుందా?" అని అడిగింది. అప్పటి నుంచి ఆవిడ నాకు వదిన, నేను ఆవిడకి వదిన. మీలో చాలామంది ఆవిణ్ణి చూసే ఉంటారు. ఉగాదికి మనవాళ్ళందరం కలిసినప్పుడు పులిహోర గిన్నె దగ్గర నిలబడి వడ్డించేది. నెత్తిన గోధుమరంగు ఊలు టోపీ ఉండేది. బహ్రెయిన్ ఎండలో ఊలు టోపీ ఏమిటి, ఆవిడకేమైనా జబ్బా అని కొందరు నన్ను చాటుగా అడిగారు కూడా. ఆ టోపీ సంగతి చెప్పాలంటే కాలవ సంగతి చెప్పాలి. మీరు ఆవిడ గురించి రాయమన్నప్పుడు నాకు రాయడమేం వచ్చని భయపడ్డాను. నేను రాయకపోతే ఆ కాలవ గురించి ఇక ఎవరూ చెప్పరేమోనని ఇంకా భయమేసింది. అందుకే రాస్తున్నాను.

వదిన పనిచేసే ఇంటి అయ్యగారు పెద్ద చదువు కోసం కెనడా వెళ్ళాల్సి వచ్చింది. మేడం వెళ్ళింది, పాప వెళ్ళింది, పాపని చూసుకోవడానికి వదిన కూడా వెళ్ళింది. కొన్ని చలికాలాలు అక్కడే ఉన్నారు. ఆ ఊరి పేరు వదిన ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగదు. ఊరి నడుమ నుంచి ఒక కాలవ పోతుందట. మన దగ్గర వేసవిలో కాలవలు కట్టేసినట్టే అక్కడ చలికాలం ముందు నీళ్ళు దించేస్తారట. మిగిలిన నీళ్ళు గడ్డకడతాయి. ఆ గడ్డ మీదికి ఊరు ఊరంతా దిగుతుంది. కాళ్ళకి కింద ఇనప పట్టీలున్న బూట్లు వేసుకుంటారు. వదిన వాటిని కత్తిబూట్లు అనేది. సరదాకి తిరిగే కుర్రాళ్ళుంటారు, మెడలో టై కట్టి వీపున సంచీ తగిలించుకుని ఆఫీసుకి పోయేవాళ్ళూ ఉంటారు. చంటిపిల్లల్ని చక్రాల్లేని బండిలో కూచోబెట్టి తోసుకుపోయే తల్లులుంటారు. మధ్యలో చెక్క కొట్లు, వేడివేడిగా చక్కెర చల్లిన రొట్టెలు, చలి కాచుకోవడానికి చిన్న గదులు. పైన రోడ్డు మీద మంచు పడి కార్లు కదలక జనం విసుక్కుంటుంటే, కింద కాలవ మీద మనుషులు పడవల్లా జారిపోతుంటారట.

నేను నమ్మలేదు.

"కాలవ మీద నడవడమేంటొదినా? మునిగిపోరూ?"

"జెండా చూసి దిగుతారు. ఎర్రజెండా ఉంటే దిగకూడదు. పచ్చజెండా ఎడితే దిగొచ్చు."

"గాలికి జెండా ఎగిరిపోతేనో?"

"నిన్ను కాపలా ఎడతారు."

"పోనీ, ఆ గడ్డ కింద చేపలేమైపోతాయి?"

"ఏటైపోతాయి? దుప్పటి కప్పుకుని పడుకుంటాయి. నీకన్నా అయ్యే నయం, నిద్దరన్నా పోతాయి."

పాపకప్పుడు ఏడేళ్ళు. బడి కాలవ పక్కనే. చలి ముదిరాక రోడ్డు మీద బస్సు రావడం ఆలస్యమవుతోందని మేడం ఒక బండి, రెండు జతల కత్తిబూట్లు కొని తెచ్చి, ఇక నుంచి కాలవ దారినే పాపని తీసుకెళ్ళమంది. వదిన ఆ బూట్లు ముట్టుకోవడానికే జంకింది. పడతానని కాదట ఆవిడ భయం. నీళ్ళంటే గంగమ్మ. ఊళ్ళో ఉండగా కాలవలోకి దిగేటప్పుడు చెప్పులు గట్టు మీదే వదిలేసిన మనిషి. అలాంటిది గంగమ్మ వీపు మీద ఇనప కత్తులతో నిలబడటమా? రేపు ఆ తల్లికి కోపమొస్తే బండిలో ఉన్నది పరాయివాళ్ళ బిడ్డ.

అందుకని మొదటి రోజు పెట్టెలోంచి పసుపు కుంకుమ డబ్బా తీసి కొంగున కట్టుకుని వెళ్ళింది. మెట్లు దిగి, బూట్లు విప్పి, మేజోళ్ళతో గడ్డ మీద నిలబడింది. "తల్లీ, కాలు మోపుతున్నాను, పిల్లని చల్లగా చూడు," అని పసుపు వేసింది, దాని మీద కుంకుమ వేసింది. దణ్ణం పెట్టుకుని, బూట్లు వేసుకుని, పాపని బండిలో కూచోబెట్టుకుంది. నాలుగు అడుగులు వేసిందో లేదో వెనకాల ఈలలు వినపడ్డాయి. ఎర్రకోట్లు వేసుకుని కాలవంతా తిరుగుతూ పడ్డవాళ్ళని లేవదీసే కాపలావాళ్ళుంటారట అక్కడ. వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. కుంకుమ గడ్డ మీద తడికి కరిగి ఇంత మేర పాకింది. ఎవరికో తల పగిలిందనుకున్నారు. ఆఫీసులకి పోయేవాళ్ళందరినీ రెండు వైపులా ఆపేశారు. ఒకడు మందుల పెట్టె తెరిచాడు. ఇంకొకడు పాప తల తడిమాడు, వదిన తల తడిమాడు.

"నేను తల అడ్డంగా ఊపుతున్నాను, ఆడు నా టోపీ తీసి ఎతుకుతున్నాడు," అని చెప్పి వదిన కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేది. పాపే వాళ్ళ భాషలో చెప్పిందట, అది నెత్తురు కాదు, మా అత్త నీళ్ళకి చెప్పిన సలాం అని. అది విని, ఆవిడ తల తడిమిన ముసలి కాపలాదారు తన టోపీ కూడా తీశాడట. ఆ మరుసటి ఏడు నుంచి జెండా పచ్చబడ్డ రోజు వదిన వస్తే, వాళ్ళే దారికి ఓరగా కాస్త చోటు చూపించేవారు.

పాప వదినని అత్తా అంటుంది. నన్నేమో వదినా అంటుంది. వదిన నోట విన్నదే కదా దానికి తెలిసింది. ఈ దేశపు పిల్ల గోదావరి యాసలో "మెల్లగా రా, పడతావు" అంటుంటే వినడానికి ముచ్చటగా ఉంటుంది.

ముందు వదినకి కత్తిబూట్ల మీద నిలబడటం రాలేదు. బండి పట్టుకుని నడిచింది, నడక నేర్చే పిల్లలు బండి పట్టుకున్నట్టు. తర్వాత బండికి తాడు కట్టి భుజాన వేసుకుని లాగడం మొదలుపెట్టింది. అప్పుడు కాలు కుదిరిందట. వాళ్ళ నాన్న పడవ మనిషి. గాలి లేనప్పుడు తెరచాప దించేసి, భుజానికి తాడు వేసుకుని, గట్టు వెంబడి నడుస్తూ ధాన్యం పడవ లాగేవాడు. "మా నాన్న ఎలా ఒంగేవోడో అలా ఒంగేనొదినా. అంతే, బండి దానంతటదే వచ్చేసింది," అనేది. పాప వెనక కూచుని ఎక్కాలు వల్లిస్తుంటే ఆ పాట మీద అడుగులు వేసేదట.

ఆ ముసలి కాపలాదారే ఆవిడకి పడటం నేర్పాడు. పడబోతున్నామనిపిస్తే మోకాళ్ళు వంచి పక్కకి కూచోవాలి, వెంటనే రెండు పిడికిళ్ళూ మూసుకోవాలి. చేతులు చాపి ఉంటే వెనక వచ్చేవాళ్ళ కత్తిబూట్లు వేళ్ళ మీద పోతాయి. భాష రాదు కాబట్టి ఆయన తానే పడి, పిడికిళ్ళు మూసి చూపించాడట. ఈ ముక్క వదిన నాకెన్నిసార్లు చెప్పిందో. ఒకసారి నేను పెరట్లో తడి బండల మీద జారి నడుం పట్టేసి, నడవాలంటేనే వణుకు తెచ్చుకున్నాను. నడవలేకపోతే ఈ ఇంట్లో నా పనేమవుతుంది, పని పోతే ఇక్కడ కొడుకుని చూసే దారేదని ఒకటే గుబులు. వదిన గోడ దాటి వచ్చి, పాదాలు కాస్త బయటికి తిప్పి, మోకాళ్ళు వంచి నన్ను పెరడంతా నడిపించింది.

డ్రైవర్ తమ్ముడు చూసి నవ్వాడు. "ఏందక్కా, ఇద్దరు బాతులెక్క నడుస్తున్రు? దుబాయిల కొత్త డ్యాన్సా?" అతనికి గల్ఫంతా దుబాయే.

"నవ్వు నవ్వు. నీ కారు పాడైన్నాడు నీకూ నేర్పుతాం," అంది వదిన.

"పడితేనో వదినా?" అన్నాను నేను.

"పడితే పిడికిలి మూసుకో. లేవడం తర్వాత చూద్దాం."

నేను ఎక్కడికి బయల్దేరినా ఆవిడ ముందు నా కాళ్ళవైపు చూసేది. చెప్పు పట్టీ వదులుగా ఉంటే వంగి తానే బిగించేది. వద్దు వదినా, పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకోవడమేమిటని వెనక్కి జరిగినా వినేది కాదు. పాప బూట్ల తాళ్ళు బిగించిన అలవాటు అది. ముడి వదులైతే మడమ మడతపడుతుందనేది. ఊరగాయ జాడీ వాసెన దగ్గర్నుంచి చెత్త సంచీ మూతి దాకా ఆవిడ వేసిన ముడి ఇంకొకరు విప్పలేకపోయేవారు.

పాప కాస్త పెద్దదయ్యాక ఒక సెలవు రోజున మా ఇద్దరినీ ఇక్కడి ఐసు మైదానానికి తీసుకెళ్ళింది. పెద్ద గదిలో గుండ్రంగా గడ్డ, పైన రంగుల దీపాలు, చెవులు చిల్లులు పడే పాటలు. నేను కమ్మీ పట్టుకుని బయటే నిలబడ్డాను. వదిన దిగింది. ఆ వయసులో నడుం వంచి, చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగింది. అందరూ చూశారు. ఇంకో చుట్టు తిరుగుతుందనుకుంటే గట్టెక్కి బూట్లు విప్పేసింది.

"ఏం అత్తా, బాగాలేదా?" అంది పాప.

"బాగానే ఉందే. కానీ ఇది దారి కాదుగా. గానుగెద్దులా తిరిగి ఎక్కినకాడే దిగాలి. దారంటే ఎక్కడికో ఓచోటికి తీసుకెళ్ళాలి."

మళ్ళీ ఆవిడ అక్కడికి వెళ్ళలేదు. పాప మాత్రం ఆ మాట మరిచిపోలేదు.

శుక్రవారాలు డ్యూటీ లేనప్పుడు సాయంత్రం పూట హిద్ ఒడ్డున కూచునేవాళ్ళం. రేవులో క్రేన్లు, నీళ్ళకి అవతల సిత్రా వైపు రిఫైనరీ మంట కనిపించేవి. నేను ఆ మంట వైపే చూసేదాన్ని. మంట కాస్త పెద్దగా లేచినా మావాడికి ఫోన్ చేసేదాన్ని. ఓవర్‌టైంలో ఉంటే వాడు ఎత్తడు. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేసేదాన్ని.

"కంగారు పడకు," అనేది వదిన. "ఈ సముద్రం గడ్డకట్టిందనుకో, నిన్ను బండిలో కూచోబెట్టి తాడేసి లాక్కుపోతాను. రెండు బస్సులు మారక్కర్లేదు, ఈడ్నించి తిన్నగా నీ కొడుకు క్యాంపుకే."

"సముద్రం గడ్డకడితే పాపం ఓడలో?"

"ఓడల సంగతి ఓడలోళ్ళు చూసుకుంటారు. నువ్వు బండిలో కూచో."

నవ్వేదాన్ని. నా జన్మలో ఎవరూ నన్ను ఎక్కడికీ బండిలో కూచోబెట్టి లాక్కెళతానని అనలేదు.

పాప చదువు కోసం మళ్ళీ ఆ ఊరికే వెళ్ళింది. వెళ్ళేటప్పుడు వదిన తన పసుపు కుంకుమ డబ్బా దాని చేతిలో పెట్టింది. నెత్తిన టోపీ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఆ ముసలి కాపలాదారు దెబ్బ కోసం వెతకడానికి తీసి, దులిపి, తిరిగి పెట్టిన టోపీ అది. ఏటా చలికాలం వస్తే పాప మెట్ల దగ్గర జెండా ఫోటో తీసి పంపేది. పచ్చజెండా వచ్చిన రోజు వీధిలో అందరికీ వదిన బెల్లం పరమాన్నం పంచేది. ఒక ఏడు చలికాలమంతా ఎర్రజెండాయే ఉండిపోయింది. కాలవ గట్టిపడనే లేదట. ఆ ఏడు వదిన మాట తగ్గించేసింది. "నీళ్ళు గట్టిపడటం మర్చిపోతే ఆళ్ళంతా ఏ దారిన పోతారొదినా?" అని ఒకటికి రెండుసార్లు అంది. నాకు ఎన్నో దిగుళ్ళున్నాయి గానీ, చూడని ఊళ్ళో కాలవ గురించి దిగులు పడటం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఈ చలికాలం మొదట్లో ఆవిడకి ఆయాసం మొదలైంది. గుండె బలహీనపడింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. పెద్దాసుపత్రిలో చేర్చారు. మన ఊరికి పంపేస్తే ప్రయాణం తట్టుకోలేదన్నారు. రోజూ సాయంత్రం పని ముగించుకుని తమ్ముడి కారులో వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే ఆవిడ ముందు నా చెప్పుల వైపు చూసేది. తర్వాత అడిగేది, "ఏ జెండా?" అని.

"ఎర్రదే వదినా."

"ఊఁ."

రోజూ ఇదే. మనిషి రోజు రోజుకీ చిక్కిపోతోంది. ఆవిడకి ఇంకేమీ కోరిక లేదు. కాలవ మీదికి జనం దిగడం ఒక్కసారి ఫోనులో చూడాలి, అంతే. మరి ఈ ఏడు కూడా గట్టిపడకపోతేనో? గట్టిపడేసరికి ఆవిడ లేకపోతేనో? ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని నేను అన్నం సహించక తిరిగాను.

ఒకరోజు కారులో తమ్ముడు అన్నాడు, "పచ్చజెండా అయిందని చెప్పరాదక్కా. పాత ఫోటో చూపిస్తే అయిపాయె. పెద్దక్క పానం నిమ్మళపడ్తది. ఏమైతది?"

దారి పొడుగునా ఆలోచించాను. చెప్పేద్దామనే లోపలికి వెళ్ళాను. ఆవిడ నా చెప్పులు చూసింది. చూసి, లేవలేని మనిషి చెయ్యి కిందికి చాపింది. పట్టీ వదులైంది, నేను గమనించలేదు. నా కాలు మంచం దగ్గరికి జరిపి, నేనే పైకెత్తి పెడితే ఆవిడ వేళ్ళతో బిగించింది. ఎంతోసేపు పట్టింది. అలా నా కాలు జారకూడదని చూసిన మనిషికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఏ జెండా?"

"ఎర్రదే వదినా. ఇంకా పల్చగానే ఉందంట."

"అయితే దిగొద్దని చెప్పు పాపకి. తొందరేముంది. గట్టిపడనీ," అంది.

ఆవిడ నాతో అన్న ఆఖరి మాటలు ఇవే. మర్నాడు వెళ్ళేసరికి స్పృహ లేదు. మలయాళీ నర్సు వేలికి క్లిప్పు పెట్టడానికి చెయ్యి విప్పబోతోంది. "మా జీ, హాత్ ఖోలో," అని హిందీలో అంటోంది. వదిన రెండు పిడికిళ్ళూ గట్టిగా మూసుకుంది. మోకాళ్ళు ఒక పక్కకి వంగి ఉన్నాయి. నర్సుకి తెలియదు. నాకు తెలిసిపోయింది. నేను నర్సు చెయ్యి పట్టుకుని, వద్దమ్మా, అలాగే ఉండనివ్వు అన్నాను. ఆ అమ్మాయి నా ముఖం చూసి, క్లిప్పు చెవి తమ్మెకి పెట్టి వెళ్ళిపోయింది. వదిన పిడికిళ్ళ మీద నా చేతులు కప్పి, పొమ్మనేదాకా అలాగే కూచున్నాను. మరుసటి పొద్దున్నే తమ్ముడు హారన్ కొట్టకుండా వచ్చాడు.

ఆవిణ్ణి ఊరికి పంపించాం. ఆ ఇంటి మేడం దగ్గరుండి కాగితాల పనంతా చూసింది, ఊలు టోపీ తానే పెట్టెలో పెట్టింది. అస్థికలు వాళ్ళ ఊరి కాలవలోనే కలిపారట. దాళ్వా పంటకి నీళ్ళు వదిలారని, కాలవ గట్ల దాకా నిండి ఉందని వాళ్ళ మరిది ఫోనులో చెప్పాడు. వాళ్ళ నాన్న పడవ లాగిన కాలవే. నేను విని, నీళ్ళు మరీ వేగంగా పోవడం లేదు కదా అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

ఆ తర్వాత కొద్ది రోజులకి నేను బియ్యం ఏరుతుంటే పాప ఫోన్ చేసింది. వీడియో ఫోను. తెరంతా తెలుపు. కింద మెట్లు, మెట్ల పక్కన పచ్చజెండా.

"వదినా, చూడు," అంది.

ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత అది మెట్లు దిగి, బూట్లు విప్పి, మేజోళ్ళతో గడ్డ మీద నిలబడింది. జేబులోంచి వదిన డబ్బా తీసింది. వాళ్ళ మతం వేరు, దానికి ఈ మొక్కులేమీ లేవు. అయినా చూసిన పద్ధతి ఒక్కటీ తప్పలేదు, ముందు పసుపు, దాని మీద కుంకుమ. ఈసారి ఓరగా వెయ్యలేదు, దారి నడిమధ్యన వేసింది. తెల్లటి గడ్డ మీద ఎరుపు మెల్లగా పాకింది. దూరం నుంచి జనం వస్తున్నారు, వీపున సంచులు, తలల మీద టోపీలు. నాకు కంగారు పుట్టింది.

"తల్లీ, నెత్తురనుకుంటారే! భయపడతారు. ఏమీ కాదని చెప్పు వాళ్ళకి, తొందరగా చెప్పు."

"చెప్పను వదినా," అంది పాప. "కొంచెం ఆగనీ వాళ్ళని. అత్త కోసం ఆగనీ."

అది ఫోను అలాగే పట్టుకుంది. ముందు వచ్చినాయన ఆ ఎరుపు చూసి కాళ్ళు అడ్డం పెట్టి ఆగాడు. ఆయన వెనక ఇంకొకరు ఆగారు, వాళ్ళ వెనక ఒక తల్లీ, బండిలో పిల్లా. ఆఫీసుకి పోయే ఊరు అలా కాసేపు నిలబడి చూసింది. తర్వాత ఒక్కొక్కరే పక్కకి ఒరిగి, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళ కత్తిబూట్ల గీతలు తిన్నగా వచ్చి, ఆ ఎర్రటి చోటు దగ్గర వంగి, మళ్ళీ తిన్నగా సాగిపోయాయి.